జొన్నచేను చాటున పటాలం

“ఈ వయసులో బొమ్మలతో ఆటలేమిటండీ?” అని నన్ను అడగని తెలుగు మిత్రుడు ఈ ఊళ్ళో లేడంటే అతిశయోక్తి కాదు. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు గరాజు తలుపు తెరిచి వుంటే ఒకసారి లోపలికి తొంగి చూస్తారు. బల్ల మీద పొలాలు, ఎండిన చెరువు, తాటిచెట్లు, వాటి మధ్య బొటనవేలి పై కణుపంత సిపాయిలు. పిల్లలు అక్కడే ఆగిపోతారు. పెద్దలు పై ప్రశ్న వేస్తారు. పప్పు, ఆవకాయ మధ్యలో దానికి పూర్తిగా జవాబు చెప్పే వీలుండదు కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో వుంటాను. వృత్తి సాఫ్ట్‌వేరు. రోజంతా తెర ముందు కూర్చుని, చేత్తో పట్టుకోగలిగిన వస్తువు ఒక్కటీ తయారు చెయ్యకుండా ఇంటికి వచ్చే మనలాంటి వాళ్ళకి ఇది మంచి వ్యాపకం. అయితే నన్ను పట్టి ఉంచింది అది ఒక్కటే కాదు. మన గోదావరి సీమలో 1758లో జరిగిన ఒక యుద్ధం ఎందుకు అలా ముగిసిందో నాకు పుస్తకంలో కన్నా ఈ బల్ల మీద బాగా అర్థమైంది. ముందు ఆట గురించి, తర్వాత ఆ యుద్ధం గురించి చెబుతాను.

ఆట ఏమిటి?

దీన్ని టేబుల్‌టాప్ వార్‌గేమింగ్ అంటారు. సాధారణంగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వున్న బల్ల. దాని మీద రెండు చిన్న సైన్యాలు. చదరంగంలోలాగా గళ్ళు వుండవు. ఒక దళం ఎంత దూరం నడవాలో టేపుతో అంగుళాల్లో కొలుస్తారు. కాల్పులు తగిలాయా లేదా, భయపడి పారిపోయారా నిలబడ్డారా అన్నది పాచికలు వేసి తేలుస్తారు. బురదపొలంలో నడక సగమవుతుంది. గోడ వెనక వున్నవాళ్ళకి గుండు తగలడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యమైనది చూపు. ఒక దళానికి ఎదుటి దళం కనిపిస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఆటగాడు నడుం వంచి, తల బల్ల ఎత్తుకి దించి, బొమ్మ కళ్ళతో చూస్తాడు. మధ్యలో ఇల్లో, తోపో అడ్డుగా వుంటే కాల్చడానికి వీల్లేదు. అందుకే ఈ ఆటలో నేల అలంకారం కాదు, ఆటలో భాగం.

ఈ ఆలోచన చాలా పాతది. 1812లో ప్రష్యాలో బారన్ ఫాన్ రైస్విట్జ్ అనే ఆయన తమ రాజుకి ఒక యుద్ధపు బల్ల బహూకరించాడు. కొండలు, నదులు, రోడ్లు వున్న పలకలని ఎలా కావాలంటే అలా పేర్చుకుని కొత్త కొత్త ప్రదేశాలు తయారు చేసుకోవచ్చు. ఇవాళ మనం మాడ్యులర్ టెర్రెయిన్ అంటున్నది అదే. ఆయన కొడుకు 1824లో ఆ ఆటకి నియమాలు అచ్చు వేస్తే ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణకి వాడుకుంది. ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1913లో “లిటిల్ వార్స్” అనే పుస్తకం రాసి దీన్ని ఇంటి నేల మీదికి దించాడు. బొమ్మల యుద్ధం ఆడి చూస్తే అసలు యుద్ధం ఎంత మూర్ఖమో తెలుస్తుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన “వార్ గేమ్స్” తర్వాత ఇక్కడ క్లబ్బులు పెరిగాయి. 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ 1983లో వార్‌హ్యామర్, 1987లో వార్‌హ్యామర్ 40,000 అనే ఊహాలోకపు ఆటలు తెచ్చింది. దాని ముఖ్య కార్యాలయం మా నాటింగ్‌హామ్‌లోనే. 2024 డిసెంబరులో ఆ కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్టులో మొదటి వంద కంపెనీల సూచికలోకి చేరింది. “బొమ్మలతో ఆటలేమిటండీ” అన్న మిత్రులకి నేను చెప్పే మొదటి జవాబు అదే. షేర్ల మాట చెబితే మనవాళ్ళు కాస్త శ్రద్ధగా వింటారు!

చెందుర్తి

ఇక్కడి క్లబ్బుల్లో చరిత్ర యుద్ధాలంటే వాటర్లూ, లేకపోతే రెండో ప్రపంచ యుద్ధం. వాటికి కావలసినవన్నీ దుకాణంలో దొరుకుతాయి. మన నేల మీద జరిగిన యుద్ధాలు బల్ల మీదికి రావాలంటే మనమే చేసుకోవాలి. నేను ఎంచుకున్నది గొల్లప్రోలు దగ్గరి చెందుర్తి. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని కాండోర్ యుద్ధం అంటారు.

కథ క్లుప్తంగా ఇది. 1757లో బొబ్బిలి యుద్ధం, దాని వెంటనే విజయనగరం విజయరామరాజు హత్య మనందరికీ తెలిసినవే. ఆయన తర్వాత వచ్చిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్ళతో చెడింది. ఆయన కబురు మీద కలకత్తా నుంచి క్లైవు కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో చెందుర్తి దగ్గర ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఎదురుపడ్డారు. ఫోర్డ్ వైపు సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు. ఫ్రెంచి వైపు సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు.

ఫోర్డ్ తన యూరోపియన్ పటాలాన్ని మధ్యలో, సిపాయిలని రెండు పక్కలా నిలబెట్టాడు. ఆ పటాలం ముందు ఏపుగా పెరిగిన చేను వుంది. చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దాన్ని ఇండియన్ కార్న్ అన్నాడు. చేను వెనకాల పటాలం ఎదుటివాళ్ళకి కనిపించలేదు. ఎడమ పక్కనున్న సిపాయిలు మాత్రం కనిపించారు. వాళ్ళు తొడుక్కున్నవి ఎర్రకోట్లు. ఎర్రకోటంటే ఇంగ్లీషువాడే అనుకుని ఫ్రెంచి పటాలం అటు తిరిగింది. సిపాయిలు చెదిరిపోయారు. ఫ్రెంచివాళ్ళు వరస తప్పి వాళ్ళని తరుముతుండగా పక్క నుంచి, చేను చాటు నుంచి అసలు పటాలం బయటికి వచ్చి కాల్పులు మొదలుపెట్టింది. యుద్ధం అక్కడే తేలిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కోట పడింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ కథ ముగిసి కుంఫిణీ కథ మొదలైంది.

ఒక చేను, ఒక కోటు రంగు. ఈ హాబీలో వున్నవి కూడా సరిగ్గా ఆ రెండే: నేల తయారు చెయ్యడం, బొమ్మకి రంగు వెయ్యడం.

రంగులు

నేను వాడేవి 28 మిల్లీమీటర్ల బొమ్మలు. ఒక్కో బొమ్మ నలభై మందికి గుర్తు అనుకుంటే మొత్తం 222 బొమ్మలు వచ్చాయి. ఈ కాలపు సిపాయిలు ప్రత్యేక తయారీదారుల దగ్గర లోహంలో దొరుకుతారు.

మొదటి పని శుభ్రం చెయ్యడం. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట సన్నని గీత వుంటుంది. దాన్ని చాకుతో గీకెయ్యాలి, లేకపోతే రంగు వేశాక ముఖం మీద మచ్చలా కనిపిస్తుంది. తర్వాత సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి. ప్రైమర్ లేకపోతే రంగు వేలికి అంటుకుని వచ్చేస్తుంది. నేను ముందు నల్ల ప్రైమర్ అన్నివైపులా కొట్టి, తర్వాత తెల్లది పైనుంచి మాత్రమే చల్లుతాను. ఎండ పైనుంచి పడితే ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ వుంటుందో బొమ్మే చూపిస్తుంది. ప్రైమర్ ఎప్పుడూ ఆరుబయటే కొట్టాలి. వాన రోజున కొడితే పొడిపొడిగా గరుకు తేలుతుంది. ఇంగ్లండులో వాన లేని రోజు కోసం కాచుకోవడం కూడా ఈ హాబీలో భాగమే.

రంగులు నీటితో పలచన చేసే ఆక్రిలిక్ రంగులు. సూత్రం ఒక్కటే: ఒక చిక్కటి పూత కన్నా రెండు పలచటి పూతలు మేలు. చిక్కగా వేస్తే బొత్తాలు, కోటు మడతలు పూడిపోతాయి. తడిపిన కిచెన్ టవలు మీద బేకింగు కాగితం పరిచి దాని మీద రంగు కలుపుకుంటే గంటల తరబడి ఆరకుండా వుంటుంది. కుంచె మొదట్లో లోహపు గొట్టంలోకి రంగు ఎక్కనివ్వకూడదు. ఎక్కితే మొన విచ్చుకుపోయి చీపురవుతుంది.

“ఎరుపు కోటుకి ఎరుపు వేస్తే సరిపోదా?” అని మా అమ్మాయి అడిగింది. సరిపోదు. నిజమైన కోటు మడత లోతు రెండు మూడు అంగుళాలు వుంటుంది, అందులో నీడ దానంతటదే పడుతుంది. బొమ్మ మీద అదే మడత మిల్లీమీటరు కూడా వుండదు. గదిలో దీపం వెలుగు అన్నిచోట్లా సమానంగా పడి మడత మాయమవుతుంది. అందుకని నీడనీ వెలుగునీ మనమే రంగుతో వెయ్యాలి. ముందు గోధుమ కలిసిన ముదురెరుపు. దాని మీద మడతల లోపల మాత్రం వదిలేసి అసలు ఎరుపు. భుజాల మీద, మడతల అంచుల మీద ఎరుపులో కాస్త నారింజ కలిపి సన్నని గీతలు. వెలుగు కోసం తెలుపు కలిపితే ఎరుపు గులాబీ అయిపోతుంది. ఆఖర్న మ్యాట్ వార్నిష్.

ముఖాల దగ్గరికి వస్తే ఇంకో సంగతి. ఈ దేశంలో రంగు సీసా మీద “ఫ్లెష్” అని వుంటే అది చాలాకాలం తెల్లవాళ్ళ చర్మం రంగే. మన ఒంటి రంగు మనం కలుపుకోవలసిందే. ముదురు గోధుమలో చిటికెడు ఎరుపు కలిపి మొదటి పూత, దానిలో పచ్చటి ఓకర్ కొద్దికొద్దిగా కలుపుతూ ముక్కు, చెంపలు, నుదురు. ఇక్కడా తెలుపు కలపకూడదు, బూడిద పూసినట్టవుతుంది. మనుషులందరూ ఒకే చాయ కాదు కనుక నాలుగు రకాలుగా కలిపి మార్చి మార్చి వేశాను.

ఆ పని చేస్తుండగా ఒక లెక్క నా వేళ్ళకి తెలిసింది. 222 బొమ్మల్లో 24 మాత్రమే యూరోపియన్లు. మిగతా 198 ముఖాలూ మనవే. ఆనందరాజు సైన్యాన్ని ఇందులో కలపనే లేదు. మన పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించారు అని ఒక వాక్యంలో చదువుకున్నాం. రెండు వరసల్లోనూ నిలబడినవాళ్ళు పదికి తొమ్మిదిమంది ఈ దేశపు మనుషులే అని వాళ్ళ కళ్ళు ఒక్కొక్కటే దిద్దుతుంటే గాని నాకు తట్టలేదు. ఫోర్డ్ పటాలం చేను చాటున వుంటే, ఫ్రెంచి పటాలానికి ఎదురుగా బయట నిలబడి ఆ తాకిడి భరించింది ఎర్రకోటు సిపాయిలు.

నేల

ఇక మాడ్యులర్ నేల. ఒకే పెద్ద బల్లగా చేస్తే ఇంట్లో పెట్టుకోవడానికి చోటుండదు, ఎప్పుడూ అదే యుద్ధం ఆడాలి. అందుకని రెండడుగుల చదరపు పలకలు ఆరు చేశాను. మూడు పొడవుకి, రెండు వెడల్పుకి.

ఇందులో నియమం మన వృత్తిలో వున్నవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది: అంచులు ప్రామాణికంగా వుండాలి, మధ్యలో మీ ఇష్టం. అన్ని పలకలూ అంచు దగ్గర ఒకే ఎత్తులో వుండాలి. గుట్ట అంచుకి చేరేలోపల నేలమట్టానికి దిగిపోవాలి. బాట ఏ అంచుని దాటినా సరిగ్గా మధ్యలో, ఒకే వెడల్పుతో దాటాలి. అంచుల రంగు, గడ్డి ఒకేలా వుండాలి. అంచులన్నీ ఒకేలా వున్న ఆరు పలకలని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? స్థానాలు 720 రకాలు, ఒక్కో పలకనీ నాలుగు వైపులా తిప్పవచ్చు కనుక దాన్ని 4,096తో గుణించాలి. బల్ల మొత్తాన్ని అటునుంచి ఇటు తిప్పితే అదే వస్తుంది కనుక సగం చెయ్యాలి. 14,74,560 నేలలు, ఆరు పలకల్లో!

పలకలు జారిపోకుండా అంచుల్లో చిన్న అయస్కాంతాలు పెడతారు. వాటి ధ్రువాలు ఎలా పెట్టాలన్నది చక్కని చిక్కుప్రశ్న. ప్రతి అంచులోనూ మధ్య నుంచి సమాన దూరంలో రెండు పెట్టండి. అంచు వైపు తిరిగి పలక లోపల నుంచి బయటికి చూస్తున్నట్టు ఊహించుకుని, ఎడమ చేతి వైపు ఉత్తర ధ్రువం, కుడి చేతి వైపు దక్షిణ ధ్రువం బయటికి వుండేలా అమర్చండి. అన్ని అంచులకీ ఇదే. అప్పుడు ఏ అంచుని ఏ అంచు పక్కన పెట్టినా ఉత్తరానికి దక్షిణమే ఎదురవుతుంది, పట్టుకుంటుంది.

పలక అడుగున 6 మిల్లీమీటర్ల ఎమ్.డి.ఎఫ్. చెక్క, పైన 25 మిల్లీమీటర్ల ఎక్స్.పి.ఎస్. ఫోమ్. ఇళ్ళకి చలి తగలకుండా గోడల్లో పెట్టే గులాబీ లేక నీలం రంగు అట్ట అదే, హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది. రెండు జాగ్రత్తలు: వేడి తీగతో కోస్తే వచ్చే పొగ మంచిది కాదు, కిటికీలు తెరిచి కొయ్యాలి. స్ప్రే రంగు నేరుగా కొడితే ఫోమ్ కరిగిపోతుంది. ముందు పి.వి.ఎ. జిగురులో రంగు కలిపి మొత్తం పూసి ఆరనివ్వాలి. దాని మీద జిగురు రాసి ఇసక చల్లి, ముదురు మట్టిరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేతరంగు రుద్దితే ఇసక గింజల తలల మీదే అంటి నేల సజీవంగా కనిపిస్తుంది.

కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కోసి పెడితే పండిన వరిమడి అవుతుంది. గట్లు ఫోమ్ ముక్కలే. చేను మాత్రం నేను జొన్నచేనుగా చేశాను. డోర్‌మ్యాట్ పీచు ఎత్తు దానికి చాలదు. రెండున్నర మీటర్ల జొన్న మొక్క ఈ కొలతలో నాలుగున్నర సెంటీమీటర్లు వుండాలి. చీపురు పుల్లలు ఆ కొలతకి కోసి, కొసలు జిగురులో, తర్వాత రంపపు పొట్టులో ముంచితే కంకులయ్యాయి. వాటిని ఫోమ్‌లో వరసగా గుచ్చాను.

దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ చెట్లు కొబ్బరిచెట్టుకో ఖర్జూరానికో దగ్గరగా వుంటాయి. మన తాటిచెట్టు ఆకు విసనకర్ర ఆకారం. గుండ్రటి కాగితం ముక్కలని మధ్యకి మడిచి, అంచులు కత్తిరించి, తీగ మీద మాస్కింగ్ టేపు చుట్టి చేసిన మానుకి తగిలించాను. నిజమైన కొలతలో తాటిచెట్టు అడుగు ఎత్తు వస్తుంది, చెయ్యి పెట్టి బొమ్మలు జరపడానికి అడ్డం. అందుకని సగానికి తగ్గించాను. ఇలాంటి రాజీలు ఈ పనిలో మామూలే.

ఇంకో పలకలో ఎండిన చెరువు. యుద్ధం జరుగుతున్నంతసేపూ ఆనందరాజు సైన్యం నీళ్ళు లేని చెరువు గోతిలో దాక్కుందని ఓర్మ్ రాశాడు. ఆయన కుంఫిణీ మనిషి, ఆ మాటని ఆ మేరకే తీసుకోవాలి. కాని చెరువు గర్భం తవ్వి, గోడల పగుళ్ళకి వాడే ఫిల్లర్ పూసి నెర్రెలు గీశాక, అందులో తల దించి చూస్తే బల్ల మీద మిగతా ఏదీ కనిపించదు. అందులో వున్నవాడికి యుద్ధం ఎటు నడుస్తోందో తెలిసే దారి లేదు.

పలక తీసేస్తే?

చెందుర్తి ఆడేటప్పుడు ఎర్రకోటు దళాలు మూడు వుంటాయి. వాటిలో యూరోపియన్ పటాలం ఏదో మడిచిన చీటీ మీద రాసి పక్కన పెడతాను. ఫ్రెంచి వైపు ఆడేవాళ్ళు నడుం వంచి చూస్తారు. చేను అడ్డు. కనిపించిన ఎరుపు వైపే తిరగాలనిపిస్తుంది, కథ తెలిసినవాళ్ళకి కూడా. కాన్‌ఫ్లాన్స్ అలా ఎందుకు చేశాడని పుస్తకం చదివినప్పుడు అనుకున్నాను. ఆ ఎత్తులో కళ్ళు పెట్టి చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

చేను పలక తీసేసి బీడు పలక పెట్టి మళ్ళీ ఆడితే ఫ్రెంచివాళ్ళు నేరుగా పటాలం మీదికే వస్తారు, ఆట ఎటైనా పోవచ్చు. ఎర్రకోట్ల బదులు తెల్లబట్టల సిపాయిలని పెడితే మరో ఆట. మా అమ్మాయి ఒకరోజు చీటీ విప్పకుండానే అడిగింది: “ఈ చేను వేసిన రైతు ఏమయ్యాడు నాన్నా?” దానికి ఏ నియమావళిలోనూ పాచిక లేదు. అప్పటి నుంచి ప్రతి ఆటకీ ముందు ఊరివాళ్ళ బొమ్మలు కొన్ని, ఎడ్లబండి ఒకటి బల్ల అంచున పెడుతున్నాం. వాళ్ళ పంట తొక్కినవాళ్ళకి గెలుపులో మార్కులు తగ్గుతాయి. ఆ నియమం మా అమ్మాయిదే.

యుద్ధాన్ని ఆటగా ఆడటం సబబేనా అని అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. నేల లేకుండా, ముఖాలు లేకుండా యుద్ధం గురించి మాట్లాడటం చాలా తేలిక. ఒక్కో ముఖం ముప్పావుగంట కూర్చుని దిద్దాక ఆ బొమ్మని పక్కకి తీసి పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మొదలుపెట్టాలనుకునేవారికి

అన్నీ ఒకేసారి కొనకండి. పది బొమ్మలు, రెండు కుంచెలు, ఆరు రంగులు, నల్ల ప్రైమర్ చాలు. పాత బొమ్మల్లో సీసం వుండవచ్చు, పని అయ్యాక చేతులు కడుక్కోండి, పసిపిల్లలకి అందనివ్వకండి. నేల విషయంలో ఒక అడుగు పలక ఒక్కటి చేసి చూడండి. మీరు పెరిగిన ఊరి చివర ఏముండేదో గుర్తు చేసుకుని అది చెయ్యండి: రావిచెట్టు, దిగుడుబావి, గడ్డివామి, ఏదైనా సరే. అంచులు మాత్రం నేను చెప్పిన కొలతకి పెట్టండి. ఎప్పుడైనా మా ఊరు వస్తే పలక చంకన పెట్టుకుని రండి. మా పలకల పక్కన సరిగ్గా అతుక్కుంటుంది.